ఇరవై ఏడున్నర చక్రం

అంజలి సైకిలుకు ఆ ఒక్క వారంలోనే తొమ్మిది పంక్చర్లు పడ్డాయి. కోట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లకూ తండాలకూ తపాలా బట్వాడా చేయడం ఆమె ఉద్యోగం. అనంతగిరి గుట్టలకు షికారుకొచ్చే హైదరాబాదు సైక్లిస్టు ఒకతను తన గేర్ల సైకిలు అమ్ముతానంటే మోజుపడి కొనుక్కుంది. రాళ్లబాటలో అది మేకపిల్లలా ఎగిరేది గాని, తుమ్మముల్లు కనిపిస్తే చాలు, చతికిలపడేది.

తండ్రి బీరన్న గొర్లు కాస్తాడు. వాకిట్లో కూర్చుని ట్యూబుకు ప్యాచీ వేస్తున్న కూతుర్ని చూసి, "గొర్ల కాళ్లల్ల ముండ్లు తీసుడు నా పని. నీకు సైకిల్ ముండ్లు తీసుడాయె" అని నవ్వాడు.

దీనికి మందు ట్యూబ్‌లెస్ టైరేనని అమ్మినతనే ఫోనులో చెప్పాడు. లోపల పాలలాంటి ద్రవం పోస్తారట, ముల్లు గుచ్చుకున్నచోటికి అదే వచ్చి రంధ్రాన్ని పూడ్చేస్తుందట. ఆమె రిమ్ములు అందుకు పనికొచ్చేవే, టైర్లు మారిస్తే చాలన్నాడు.

వికారాబాద్‌లో మూడు దుకాణాలు తిరిగింది. ఇరవయ్యారు ఇంచుల టైరు ఉందన్నారు, ఇరవై తొమ్మిది తెప్పిస్తామన్నారు. తన చక్రం ఇరవై ఏడున్నర అనేసరికి అదేం కొలతని ఆమెనే ఎదురడిగారు. మూడో దుకాణమతను ఇరవై ఏడు ఇచ్చి, అర ఇంచు తేడాకేముంది, గుంజితే ఎక్కుతుందన్నాడు. తీరా ఇంటికి తెచ్చి తొడిగితే అది పసిపిల్ల చేతికి తల్లి గాజులా వేలాడింది. అర ఇంచు తక్కువది వదులెట్లా అయిందో ఆమెకు అంతుబట్టలేదు.

పోస్టాఫీసులో తోటి ఉద్యోగిని శ్యామలది తాండూరు. అక్కడ భీమప్ప అనే పాత మెకానిక్ ఉన్నాడనీ, ఆయనకు తెలియని సైకిలు లేదనీ చెప్పింది. ఆదివారం పొద్దున అంజలి రెండు చక్రాలూ ఊడదీసి భుజాలకు తగిలించుకుని రైలెక్కింది.

అరవై దాటిన భీమప్ప ఇంచులు అడగలేదు. పాత టైరు పక్కభాగాన్ని తడిగుడ్డతో తుడిచి, అక్కడున్న సన్న అంకెల్ని ఆమెతోనే చదివించాడు. ఐదు వందల ఎనభై నాలుగు.

"ఇంచులను నమ్మకు బిడ్డా. ఇరవై ఏడు అనేది పాతకాలం సైకిలుది, ఆరు వందల ముప్పై మిల్లీమీటర్లు ఉంటది. నీది మొన్న మొన్న వచ్చిన సైజు. పేరు పెద్దది, చక్రం చిన్నది."

అప్పటికప్పుడే కలబురగిలోని వ్యాపారికి ఫోను చేసి కన్నడంలో మాట్లాడాడు. మరుసటి ఆదివారానికి టైర్లూ, ఆ పాలలాంటి ద్రవమూ రైల్లో దిగాయి. అంజలి మళ్లీ చక్రాలతో వచ్చింది.

ఎక్కించడం మాత్రం అంత సులువు కాలేదు. లోపల ద్రవం పోసి కాలిపంపుతో ఎంత కొట్టినా గాలి అంచుల వెంట బుసబుసమని పోయింది. భీమప్ప చెమట తుడుచుకుని, చక్రాలు పట్టుకుని రోడ్డు దాటాడు. అక్కడ నాపరాళ్ల లారీలకు గాలి కొట్టే పెద్ద మిషను ఉంది. గాలి ఒక్క ఉదుటున పోయేసరికి టైరు ఠప్ మంటూ రిమ్ముకు పట్టుకుంది. లారీ డ్రైవర్లు చుట్టూ మూగారు. భీమప్ప చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పితిప్పి విన్నాడు. ఎక్కడా బుస లేదు.

"గీ తీరు టైర్లు ఎన్ని ఎక్కించిండ్రు కాకా?" అని అడిగింది అంజలి.

"ఇదే మొదటిది" అన్నాడాయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "ఫోన్ల చూసి నేర్చుకున్న. ఎవరన్న తెస్తరేమో అని రెండేండ్ల సంది చూస్తున్న."

మంగళవారం తండా దారిలో వెనుక చక్రానికి వేలెడు ముల్లు దిగింది. అంజలి దిగి, ఊపిరి బిగబట్టి పీకింది. తెల్లటి చుక్కలు నాలుగు చిమ్మాయి, ఆగాయి. టైరు కుంగలేదు. అక్కడి నుంచే భీమప్పకు ఫోను చేసింది. ముల్లు ఎంత పొడుగు, ఎన్ని చుక్కలొచ్చినయి, ఎంతసేపటికి ఆగినయి అని ఆయన ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. తరువాత, దుకాణంలో ఇంకెవరో ఉన్నారనీ స్పీకరు పెడుతున్నాననీ చెప్పి, మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు. ఆమె చెప్పింది.

ఉత్తరాలన్నీ పంచేసరికి ఇంకా పొద్దుంది. ఇంటికి దగ్గరి దారి ఉన్నా, అంజలి చెరువుకట్ట మీదుగా చుట్టుదారి పట్టింది.