పలివెల మేనత్త ఇచ్చిన సీటు

ఆ రోజుల్లో కోనసీమలో లెక్కలతో బియ్యస్సీ ప్యాసైన కుర్రాడికి ఉన్నవి రెండే దారులు. బళ్ళో పిల్లలకి ఎక్కాలు చెప్పడం, లేకపోతే చుట్టాల పెళ్ళిళ్ళలో ఎన్ని విస్తళ్ళు లేచాయో లెక్కపెట్టడం. మూడో దారి తొక్కినవాణ్ణి నేను. ఎమ్మెస్సీ సీటుకి ఇంటర్వ్యూలో ఇద్దరు మహాపండితులు గంటసేపు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తే, ఒక్కదానికీ తడుముకోకుండా, ఒక్కటీ తప్పు చెప్పకుండా బయటికొచ్చినవాణ్ణి. ఈ సంగతి పెళ్ళిపందిళ్ళలో, బస్సుల్లో, ఆఖరికి కంటి ఆసుపత్రి వరండాలో కూడా చెబుతూ వస్తున్నాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. (గంట అన్నది కాస్త సాగింది. పావుగంట అనుకోండి. పండితులు ఇద్దరన్నది మాత్రం నిజం.)

సీటు రాకపోతే నా గతేమిటో మా నాన్నగారు ముందే తేల్చేశారు. అంబాజీపేటలో మా మేనమామకి కొబ్బరి కొట్టు ఉంది. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, ఆ చప్పుడుని బట్టి లోపల కొబ్బరి ఎండి కురిడీ అయిందో లేదో చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. నాకైతే అన్ని కాయలూ ఒక్కలాగే మోగేవి. "కొట్లో కూచోబెట్టండి బావగారూ, అదే వచ్చేస్తాది" అని మావయ్య మా నాన్నగారికి ధైర్యం చెప్పాడు. నేను పుస్తకం తెరిచినప్పుడల్లా చెవిలో కొబ్బరికాయ ఆడుతూ ఉండేది.

అలా రాజోలు పక్కనున్న మా ఊరి నుంచి బస్సూ, గోదావరి దాటించే పంటూ, మళ్ళీ బస్సూ, రైలూ మారి యూనివర్సిటీకి చేరాను. (దాని పేరు చెప్పను. పాపం వాళ్ళకి ఇప్పటికీ పరువుంది.) వరండాలో బెంచీ మీద నా పక్కన ముమ్మిడివరం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూర్చుంది. వాళ్ళ నాన్నగారు మిషన్ స్కూలు హెడ్మాస్టరు. నా తరవాత పిలుపు ఆమెదే. ఒళ్ళో పుస్తకం మూసి పెట్టుకుంది. ఇంటర్వ్యూ ముందు అలా పుస్తకం మూసి కూర్చోగలిగేది అంతా వచ్చినవాళ్ళే కదా. కాసేపటికి తనే మర్యాదగా, అవిచ్ఛిన్న ప్రమేయాల మీద, అదే కంటిన్యువస్ ఫంక్షన్ల మీద ఎక్కువగా అడుగుతున్నారట, అవి బాగా చూసుకున్నారా అని అడిగింది. ఆయ్ అన్నాను. అంతకంటే ఆ ప్రమేయాల గురించి నాకు తెలిసింది లేదు.

లోపల ఒక ప్రొఫెసరుగారూ, ఆయన పక్కన మద్రాసు నుంచి వచ్చిన తెలుగు రాని పెద్దమనిషీ ఉన్నారు. గుమ్మానికి తలుపు లేదు, తెర ఒకటి గాలికి ఎగురుతోంది. ఎలా మొదలైందో గానీ మాట ఊళ్ళ మీదికి మళ్ళింది. ప్రొఫెసరుగారిది కొత్తపేట దగ్గర పలివెల అని తేలింది. మా మేనత్తనిచ్చింది పలివెలే.

"ఏ వీధోయ్?" అన్నారాయన, కుర్చీలో ముందుకి జరిగి.

"కాలవ గట్టునండి. అరుగులున్న డాబా."

"మీ మావయ్య పొట్టిగా ఉంటాడూ, ఎప్పుడూ చుట్ట ఉంటుందీ?"

"ఆయ్. ఆయనేనండి."

"ఓరి నీ, ఆయన తోడల్లుడు మా పెద్దన్నయ్యకి వియ్యంకుడు కదుటోయ్."

ఇంక చూసుకోండి. ఆయన అటు నుంచి ఒక్కొక్క చుట్టాన్నీ లాక్కొస్తున్నారు, నేను ఇటు నుంచి లాక్కొస్తున్నాను. ఆ పూట మేము కలుపుకోని గడప పలివెల్లో లేదు. నా చేతిలో సుద్దముక్క ఒకటి ఉంది (అది నా చేతిలోకి ఎలా వచ్చిందో గుర్తు లేదు), చెమటకి మెత్తబడిపోయింది. ఆ ప్రశ్నల వేగమూ నా జవాబుల జోరూ చూసి, ఏదో పెద్ద సిద్ధాంతం నిరూపణ అవుతోందనుకున్నాడో ఏమో, మద్రాసు పెద్దమనిషి కూడా తల ఊపడం మొదలెట్టాడు. లేచేటప్పుడు "వెరీ గుడ్" అన్నాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి బయటపడ్డాను. సీటొచ్చింది. జాబితాలో హెడ్మాస్టరుగారమ్మాయి పేరు అన్నిటికంటే పైన, నాది అన్నిటికంటే కింద.

కాబట్టి ఒప్పుకుంటున్నాను. నన్ను లెక్క ఒక్కటీ అడగలేదు. కానీ ఒక్క తప్పూ చెప్పలేదన్నది నిజమే కదా? సొంత మేనత్త విషయంలో ఎవడైనా ఎందుకు తప్పు చెబుతాడు?

మేనత్త సీటైతే ఇప్పించింది గానీ పరీక్షలు రాసిపెట్టలేదు. ఆ రెండేళ్ళూ హెడ్మాస్టరుగారమ్మాయి క్యాంటీన్ బల్ల మీద చెప్పిన పాఠాలతోనే గట్టెక్కాను. తరవాత ఆవిడ హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగానికి వెళ్ళింది. వాళ్ళ ఆఫీసులో ఇంకో మనిషి కావాల్సొస్తే నాకు కబురు పెట్టింది. అప్పట్లో కంప్యూటరంటే చల్లటి గదిలో ఉండే దేవుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. (నేను మఫ్లరు కూడా చుట్టుకునేవాణ్ణి.) నా జన్మలో నన్ను ఎవరి తాలూకని అడగనిది అదొక్కటే. అందుకే మొదట్లో దానికీ నాకూ పడలేదు.

పడింది ఎక్కడంటే, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దగ్గర దారి కనిపెట్టే ప్రోగ్రాము రాయమన్నప్పుడు. అందరూ బయల్దేరిన ఊరి నుంచి వెతుక్కుంటూ పోతున్నారు. నేను రెండు చివరల నుంచీ ఒకేసారి వెతుక్కుంటూ వచ్చి మధ్యలో కలిపాను. యంత్రం ఇట్టే జవాబు చెప్పింది. ఇది ఏ పుస్తకంలో ఉందండీ అని ఆవిడ ఆశ్చర్యపోయింది. రావులపాలెం బస్సులో ఉందండి అన్నాను. పక్క సీట్లో కూర్చున్న కొత్తమనిషితో మనవాళ్ళు చుట్టరికం కలిపేది అలాగే కదా. ఆ ఒక్క ఉపాయం మీద నా ఉద్యోగం రిటైరయ్యేదాకా నడిచింది. (ఇంకో రెండు ఉపాయాలు కూడా ఉన్నాయి. అవి ఆవిడవి.)

మొన్న అమలాపురంలో ఒక కాలేజీవాళ్ళు, పైచదువులకి వెళ్ళబోయే పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్నిద్దర్నీ పిలిచారు. ఈ కథే చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు. నేను పొంగిపోయి మంచినీళ్ళు తాగుతుండగా, జుట్టంతా తెల్లబడిన హెడ్మాస్టరుగారమ్మాయి లేచి మైకు అడిగి తీసుకుంది.

"అంతా బాగా చెప్పేరండి. ఒక్కటే అబద్ధం. మిమ్మల్ని లెక్క అడిగేరు. ఆ మద్రాసాయన బోర్డు మీద రాసి, సుద్దముక్క మీ చేతికిచ్చేరు. మీరు బోర్డు కేసి చూసేరు, ప్రొఫెసరుగారి కేసి తిరిగేరు, తమరి మాట కొత్తపేట వైపులా ఉందండీ, మా మేనత్తని పలివెల ఇచ్చేరండీ అన్నారు. తెర ఇవతల బెంచీ మీద నేనే కదండీ ఉన్నాను."

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ ఆ బోర్డుని నేనే తుడిచేసుకున్నట్టున్నాను. మైకు అందుకోబోతే ఆవిడ ఇవ్వలేదు.

"నన్నూ అడిగేరండి, ఎవరి తాలూకు అని. లెక్క అడగండి సార్ అన్నాను. మీరొదిలేసిందే ఇచ్చేరు. మీ సుద్దముక్క తడిసి ముద్దైపోయుంటే, ఇంకోటి అడిగి తీసుకుని చేసేను."