నాన్న చెప్పిన 'మొన్న'

రెండు రోజుల కిందటి గాలివానకు కురుగోడులో మా ఇంటి రేకులు లేచిపోయాయి. ఏటేటా ప్రీమియం పెరుగుతున్నా ఇంటి ఇన్సూరెన్స్ వదలకుండా కడుతున్నాం. ఈ రోజు బళ్ళారి నుంచి సర్వేయరు వచ్చారు. రేకులు చూశాక వంటగది గోడలో ఉన్న పగులు దగ్గర ఆగారు.

"ఈ బిరుకు ఎప్పుడొచ్చిందప్పా?"

"మొన్న పగిలిండాది సార్," అన్నాడు నాన్న.

"అట్లయితే గాలివానకే. దీన్ని కూడా క్లెయిములో రాస్తా," అని ఆయన ఫోన్‌లో టైపు చేయసాగారు.

మా నాన్నకు నిన్న కానిదంతా మొన్నే. ఆ గోడ పగిలింది పోయిన ఏడాది. అమ్మ నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది. ఆ గోడ పడితే ఆమె పొయ్యి మీదే పడుతుంది.

"ఏ మొన్న నాన్నా?" అన్నాను.

"అదేలే పాపా, పోయినేడు వానల్లో, మొన్న!"

సర్వేయరు టైపు చేసింది చెరిపేశారు. "ఇట్లాంటివి కలిపి కలిపే అందరికీ ప్రీమియం పెరుగుతాండేది. రేకులకు రాస్తా, గోడకు కుదరదమ్మా."

"చూడప్పా," అంది అమ్మ ఆయనతో, "ఇంట్లో ఒక్కదాన్ని చదివిస్తే, మాకే పరీక్ష పెడతాండాది!"

సాయంత్రం మళ్లీ మబ్బు పట్టింది. అమ్మ నాతో మాట్లాడకుండా పొయ్యిని వసారాలోకి మార్చింది. సిలిండరు నేను మోశాను. అడిగినందుకు బాధ లేదు కానీ, ఉరుము వినపడినప్పుడల్లా ఆ గోడనే చూస్తున్నాను. మీరైతే అడిగేవారా, ఊరుకునేవారా? నన్ను ఓదార్చడానికి కాకుండా, నిజంగా చెప్పండి.