మా కర్రిగాడు వెతికిన జింక

ఒకే పూటలో ఊరి ముందు పరువు, కన్న బాపు ముందు మొహం, సొంత కుక్క ముందు మర్యాద పోగొట్టుకున్న మనిషిని మీరెక్కడా చూసి ఉండకపోతే, ఇదిగో, నన్ను చూడండి. చెబుతుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

మాది కోస్గి దగ్గర పల్లె, గొర్లు మేపే ఇల్లు. మా చేలలో జింకలు మందలుగా తిరుగుతాయి. ఆ పొద్దున ఊరకుక్కలు ఒక జింకపిల్ల తొడ కొరికితే, అది నెత్తురు కార్చుకుంటూ కందిచేలో దూరింది. ఎవరో ఫోన్ చేస్తే ఫారెస్టు సారు వచ్చాడు. ఎండ ముదిరేలోపు దొరికితే పశువుల దవాఖానకు తీసుకుపోవచ్చని, లేకుంటే బతకదని అన్నాడు. చూస్తే కంది మనిషెత్తు ఉంది.

నేను ముందుకొచ్చాను. ఇరవై ఏళ్లకు ఎవరికి బుద్ధి ఉంటుంది, మీరే చెప్పండి. మా కుక్క కర్రిగాడు తప్పిపోయిన గొర్రెను వాసన పట్టి ఎక్కడున్నా తోలుకొస్తాడని, పోలీసు కుక్కలు కూడా వాడి దగ్గర బడికి రావాలని కోతలు కోశాను.

నెత్తురు మరక వాసన చూపించి వదిలాను. వాడు కందిలోకి దూరి మాయమయ్యాడు. గొంతులు పోయేదాకా పిలిచాం. చాలాసేపటికి ఒంటరిగా తోక ఊపుకుంటూ వచ్చి, నా లుంగీ పట్టుకుని మా దొడ్డి వైపు లాగడం మొదలుపెట్టాడు. దొడ్డి అంటే చేను అవతల మేం గొర్లను ఆపే ముళ్లకంచె.

దొడ్లో ఉంచిన అంబలి కోసం గుంజుతున్నాడని సారుకు సర్దిచెప్పి, మళ్లీ చేలోకి తోలాను. మళ్లీ అటే లాగాడు. ఊరంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

"దీనికి తిండి తప్ప ఏం తెల్వది సార్," అని చేతికట్టెతో వీపు మీద ఒకటి వేశాను. కుయ్యిమని పక్కకు జరిగి, వాడు మళ్లీ దొడ్డి వైపే చూశాడు.

ఎండ నెత్తికెక్కింది. ఇక లాభం లేదని సారు బండి ఎక్కబోతుంటే, గొర్రెపిల్లలకు నీళ్లు పెట్టడానికి పోయిన మా బాపు వచ్చాడు.

"దొడ్ల గొర్రెపిల్లల నడుమ జింకపిల్ల పండుకున్నది. గా పని ఎవలు చేసిన్రు?"

అందరం ఉరికాం. నిజమే. తప్పిపోయినదాన్ని మందలో కలపడమే మా వాడికి తెలిసిన విద్య. జింకను ఎప్పుడో తోలుకొచ్చి దొడ్లో పెట్టి, ఆ సంగతి చెప్పడానికే నా దగ్గరికి వచ్చాడు.

సారు మొహంలో నవ్వు పోయింది. జింక మా దొడ్లో దొరికితే కేసు మా మీదే కదా.

"నిజం చెప్పు. ఎవరు పట్టుకొచ్చిన్రు?"

"మా కుక్కనే సార్. మస్తు తెలివిగలది."

"ఇప్పటిదాంక తిండి తప్ప ఏం తెల్వదంటివి గదా?"

బాపు చేతులు జోడించాడు. సారు కట్టు కట్టబోతే జింకపిల్ల బెదిరి కుంటుతూ లేచింది. కర్రిగాడు వెంటనే అడ్డం పోయి, మెల్లగా దాన్ని మళ్లీ గొర్రెపిల్లల్లోకి నెట్టాడు. సారు అది చూసి బాపు చేతులు దించాడు. ఆయన నమ్మింది కుక్కను, నన్ను కాదు.

జింకపిల్ల ఆటోలో దవాఖానకు పోయింది, బతికింది. ఆ సాయంత్రం కర్రిగాడి వీపు తడిమితే, వాడు దెబ్బ సంగతి మరిచి తోక ఊపాడు. తిరిగి కరిచినా నాకంత సిగ్గయ్యేది కాదు.

అందుకే మీ అందరి ఎదుట ఒట్టు పెడుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ కుక్కకూ దారి చూపను.