పూజ చేసిన చెప్పులు

చెప్పుతో కొట్టించుకున్నోళ్లను చూసుంటారు. చెప్పులకు దండం పెట్టి మరీ షాక్ కొట్టించుకున్నోన్ని చూడాలంటే నన్ను చూడండి! నవ్వొద్దు, ముందు టీ తాగండి, చెప్తా.

మా ధర్మవరంలో మగ్గానికి మోటర్ బిగించుకోవడం మామూలే. తొక్కి తొక్కి మోకాళ్లు అరుగుతుంటే నేనూ బిగించినా. అప్పటి నుంచి ఇనుప ఫ్రేము తగిలినప్పుడల్లా చెయ్యి జివ్వుమనేది. మగ్గంలో ఉండే లక్ష్మీదేవి పలకరిస్తోందిలే అని సర్దుకుపోయినా.

పెనుకొండ నుంచి వైరింగ్ పనికొచ్చే మస్తానన్న ఆ మాట వినీ వినగానే ఇంతెత్తున ఎగిరినాడు.

"ఏమప్పా, మగ్గం బాడీకి కరెంటు వస్తాంటే నవ్వుతాండావా? నీ ఇంటికి ఎర్తింగే లేదు. పెరట్లో గుంత తవ్వాల, షాక్ కొడితే టక్కున కరెంటు ఆపే ట్రిప్పర్ పెట్టాల. అంతవరకు మోటర్ వెయ్యొద్దు!"

"మగ్గం మీద పెళ్లిచీర ఉందన్నా, ఇంకో మూర నేస్తే అయిపోతాది. రబ్బరు చెప్పులు ఏసుకుంటే సరిపోదా?"

"చెప్పులు నమ్ముకుంటే పైకి పోతావు!" అని తిట్టుకుంటా పోయినాడు. నాకు మాత్రం నా ఐడియానే శానా నచ్చింది.

అసలు చిక్కంతా మా అవ్వతో వచ్చింది. కాళ్లు దించి నేసే మగ్గం గుంతలో చెప్పులా?

"లచ్చిమి ఉండే చోట చెప్పులేందిరా? తేలు కుట్టినా మీ తాత వట్టి కాళ్లతోనే నేసినాడు!"

"తాత మగ్గానికి కరెంటు లేదు కదవ్వా!"

పొద్దున్నుంచి వాదించుకుంటే చివరికి రాజీ కుదిరింది. వీధి తొక్కని కొత్త చెప్పులు తేవాల, పూజ చేసినాకే గుంతలోకి దింపాల. అంగడి నుంచి కొత్త చెప్పులు చంకలో పెట్టుకుని, ఎండలో కాళ్లు కాల్చుకుంటా ఇంటికి వచ్చినా. అవ్వ వాటికి పసుపు, కుంకుమ పెట్టింది, హారతి ఇచ్చింది. నేను దండం పెట్టి వేసుకున్నా. ఇంకా మైల పోలేదేమో అని, చెంబెడు పసుపునీళ్లు నా కాళ్ల మీద, చెప్పులతో సహా పోసేసింది!

తడి కాళ్లతో గుంతలోకి దిగి, మోటర్ వేసి, ధైర్యంగా ఫ్రేము పట్టుకున్నా.

ఈసారి జివ్వు కాదు! పళ్లు టకటకా కొట్టుకున్నాయి. చెయ్యి ఊడి రాదే! "అయ్యో బిడ్డా!" అని అవ్వ నన్ను పట్టుకోవడానికి వస్తోంది. అప్పుడు భయమేసింది చూడండి, నిజంగా, ముసలామె నన్ను ముట్టుకుంటే ఆమె కూడా పోతుందని. "ముట్టుకోవద్దు" అని అరిచినా అనుకున్నా. నోట్లోంచి వచ్చింది "మ్మ్ మ్మ్" అంట! మా ఆవిడ పద్మ వంటింట్లోంచి ఉరికొచ్చి, అవ్వను కొంగు పట్టి ఇవతలికి లాగి, మెయిన్ ఆపింది. నేను వెల్లకిలా పడినా. ఒక చెప్పు ఎగిరి హారతి పళ్లెంలో పడింది.

అవ్వ ఏమన్నదో తెలుసా?

"నేను ముందే చెప్పలేదా, మగ్గం కాడ చెప్పులు అచ్చిరావని!"

మరుసటి రోజు మస్తానన్న పెరట్లో గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు పోసి ఎర్తింగ్ పెట్టినాడు. ట్రిప్పర్ బిగించినాడు. ఫ్రేముకు ఒరుసుకుని అరిగిపోయిన వైరు మార్చినాడు. పోతాపోతా అవ్వ చేతిలో చెంబు చూసినాడు.

"నీళ్లు పొయ్యాలంటే ఈ గుంతకు పొయ్యవ్వా. తడి దీనికి కావాల, నీ మనవనికి కాదు!"

ఇప్పుడు అవ్వ దినామూ ఆ గుంతకు నీళ్లు పోసి, కుంకుమ పెట్టి, దండం పెడుతోంది. చీర కూడా అయిపోయింది.

చెప్పులంటారా? పూజ చేసినవాటితో వీధి తొక్కకూడదంట. షాక్ కొట్టినవి మగ్గం కాడికి రాకూడదంట. నా పాత చెప్పులేమో పద్మ మెయిన్ బోర్డు కింద పెట్టుకుంది, నేను మళ్లీ తెలివి చూపిస్తే ఏసుకుని ఆపడానికని.

అందుకే చూడండి, టీ అంగడికి కూడా వట్టి కాళ్లతోనే వచ్చినా!