మాస్టారూ, ఖుబా మసీదూ

కోటేశ్వరరావు మాస్టారి దగ్గర ఏ మాట ఎత్తినా అది తిన్నగా ఖుబా మసీదు దగ్గరికి వెళ్లి ఆగుతుంది. ఆగాక ఇక అక్కణ్ణుంచి కదలదు. తెనాలిలో చరిత్ర లెక్చరరుగా రిటైరై, 2009లో అమెరికాలో సన్నీవేల్‌లో ఉన్న కొడుకింటికి ఆరునెలలుందామని వచ్చిన మనిషికి ఉన్నట్టుండి ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఆయన భార్య అనంతలక్ష్మికి అంతుపట్టలేదు. తెనాలిలో ఉన్నన్నాళ్లూ ఆయనది బౌద్ధస్తూపాల పిచ్చి. దానికి ఆవిడ ఎలాగో అలవాటు పడింది.

సాయంత్రం పార్కులో తెలుగు పెద్దవాళ్లందరూ చేరతారు. పార్కింగ్ దొరక్క మా అబ్బాయి అరగంట తిరిగాడని రాఘవులుగారు అన్నారో లేదో, మాస్టారు అందుకున్నారు.

"పార్కింగంటే గుర్తొచ్చింది! ప్రవక్తగారు మక్కా నుంచి మదీనా వెళుతూ, ఊరి బయట ఖుబాలో ఒంటె దిగారు. ఇస్లాంలో మొట్టమొదటి మసీదు అక్కడే లేచింది. పేరుమోసిన మేస్త్రీలొచ్చి పాలరాతితో కట్టారు!"

"పాలరాయెక్కడిదన్నా అప్పట్లో?" అని బెంచీ చివర్నుంచి ఖాసింబీ గొంతు లేచింది. "ప్రవక్తగారే అందరితోపాటు రాళ్లు మోసినారు."

"అలాగా చెల్లెమ్మా! దిద్దుకుంటాను."

దిద్దుకుంటే ఆయన మాస్టారెందుకవుతారు? శనివారం సరుకులకి కాస్ట్‌కోకి వెళ్లాలని శశికళగారు అనగానే మళ్లీ మొదలు.

"ప్రవక్తగారు కూడా ప్రతి శుక్రవారం ఖుబాకి వెళ్లేవారు, తెలుసా!"

"మొదట్లోనే చెప్తిని గదన్నా, శనివారమని! నడిచన్నా పోయేవారు, సవారీ మీదన్నా పోయేవారు. అక్కడ నమాజు చేసుకుంటే ఉమ్రా యాత్ర చేసినంత పుణ్యం. హజ్‌కి పోయినప్పుడు నేనూ చేసుకున్నా. ఆ తెల్లటి గుమ్మటాలు చూసి ఎంత ఏడ్చినానో!"

ఆ ఏడుపు కథ చెప్పమని శశికళగారు ఖాసింబీ పక్కకి జరిగి కూర్చున్నారు.

అనంతలక్ష్మికి మాత్రం గుండెల్లో రాయి పడింది. కూతురు షకీలా కాన్పుకని ఖాసింబీ కావలి నుంచి వచ్చింది. వచ్చిన కొత్తలో ఆ బెంచీ చివర నోరు మెదపకుండా కూర్చుని, ఇంటికెళ్లి "టికెట్ ముందుకు మార్పించు, నాకిక్కడ ఊపిరాడటంలే" అని గొడవ చేసేది. "అమ్మ వెళ్లిపోతే నా డెలివరీకి ఎవరుంటారు ఆంటీ?" అని నిండు నెలల షకీలా ఈవిడ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈయన తప్పులకి నొచ్చుకుని ఆ తల్లి నిజంగానే విమానం ఎక్కేస్తే?

ఆవేళ ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ నిలదీసింది. "ఇన్నేళ్లు పాఠాలు చెప్పారు. ఒక్క మసీదు గురించి సరిగ్గా చెప్పలేరూ?"

మాస్టారు చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పకుండా మొత్తం వల్లించారు. ఖుబాలో ఆగడం, రాళ్లు మోయడం, శనివారాలు, మొదట్లో జెరూసలేం వైపు తిరిగి నమాజు చేసి తర్వాత మక్కాలోని కాబా వైపు తిరగడం, ఒక్క తడబాటు లేదు.

"మరి పార్కులో ఆ తప్పులేమిటండీ?"

"ఆ పాలరాయి మాటకి ముందే, మొదటిసారి నిజంగానే నోరు జారి శుక్రవారమన్నాను లక్ష్మీ. వారం నుంచి పలకని మనిషి దిద్దడానికి నోరు విప్పింది. అన్నీ నేనే సరిగ్గా చెప్పేస్తే ఆవిడ చెప్పడానికి ఏం మిగులుతుంది?"

ఈ మనిషిని ఇన్నాళ్లూ చాదస్తుడని విసుక్కున్నందుకు అనంతలక్ష్మికి సిగ్గేసింది, ఇలాంటివాణ్ణి తనకిచ్చినందుకు దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. పైకి మాత్రం "పీచు సరిగ్గా తీయండి" అంది.

మర్నాడు మాస్టారికి జలుబు చేసింది. అనంతలక్ష్మి ఒక్కతే పార్కుకి వెళ్లి, బెంచీ మీద సర్దుకుని కూర్చుని, గొంతు సవరించుకుంది.

"వదినా, ఆ ఖుబా మసీదు మక్కా నడిబొడ్డున కదూ కట్టారు?"

ఖాసింబీ నెత్తి కొట్టుకుంది. "యా అల్లా! అన్న పిచ్చి నీకూ అంటుకుందా వదినా?" అని పకపకా నవ్వి, అనంతలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "టికెట్ మార్చొద్దని షకీలాకి చెప్పేసినాలే. నేను పోతే మీ ఇద్దర్నీ దిద్దేదెవరు?"