మొదటి గడిలో పడిన తేదీ

ఆసుపత్రి అడుగు అంతస్తులో కిటికీ లేని గది ఒకటి ఉంది. ఆపరేషన్లకు వాడిన కత్తెరలు, పట్టకార్లు అన్నీ అక్కడికే వస్తాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, ఆకుపచ్చ గుడ్డలో మూట కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి పైకి పంపుతారు. ప్రతి మూట మీదా చెరగని ఇంకుతో ఆ రోజు తేదీ వేసే పని ఇరవై మూడేళ్ళుగా ఒకావిడది. ఆమె అసలు పేరు జీతం కాగితాల్లో ఉందేమో గానీ, ఆసుపత్రి మొత్తానికి ఆమె తేదీలమ్మ. చేతికి ఏదొచ్చినా తేదీ పడాల్సిందే. ఇంట్లో పాల సీసా మీద, సబ్బు పెట్టె మీద, చివరికి తన నుదుటి మీద కూడా వేసిందని ఇంటాయన నలుగురిలో చెప్పి నవ్విస్తుంటాడు. నుదుటి సంగతి అబద్ధం, మిగతావి నిజం.

కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. ఒకసారి ఓ నర్సు గడువు దాటిన మూట పట్టుకొచ్చి, "ఒక్క రోజేగా అక్కా, అంకె కాస్త దిద్దెయ్" అంది. తేదీలమ్మ ఆ మూట అక్కడికక్కడే విప్పి, ఉన్న సామానంతా తొట్టిలో గుమ్మరించింది. మళ్ళీ మొదటి నుంచి కడిగించింది. కడిగింది ఆ నర్సే.

ఇలాంటి మనిషికి ఇరవై మూడేళ్ళలో పది రోజులు వరుసగా సెలవు దొరకలేదంటే ఎవరికి ఒళ్ళు మండదు? పై అధికారి ప్రతి ఏడూ "వచ్చే నెల చూద్దామమ్మా" అంటాడు, తను మాత్రం ఏడాదికి రెండుసార్లు ఊళ్ళు తిరిగొచ్చి, ఎండకు కమిలిన ముక్కుతో సంతకాలు పెడతాడు. ఈసారి తేదీలమ్మ అర్జీ అతని బల్ల మీద పెట్టి, సంతకం అయ్యేదాకా కదల్లేదు. సిమెంటు నేల మీద నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకో ఏడాదికి మెట్టు ఎక్కడమే కష్టమని డాక్టరు చెప్పాడు. ఆమెకున్న కోరిక ఒక్కటే. కొండ రైలు ఆగే ఆఖరి స్టేషన్ పక్కన ఒక విడిది ఉంది. దాని వరండాలో ఒక్క రోజు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఎవరూ ఏ మూటా తేకూడదు.

ఇంటాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రైల్వేవాళ్ళ పుస్తకం తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు. కొండ ప్రాంతానికి రెండు రకాల పాసులున్నాయి. ఒకటి వరసగా ఎనిమిది రోజులు ఎంత తిరిగితే అంత. రెండోది నెలలోపు మనకు నచ్చిన నాలుగు రోజులు.

"ఎనిమిది రోజులదే తీసుకుందాం. రోజుకు మూడు బళ్ళు ఎక్కచ్చు. పందొమ్మిది స్టేషన్లు చూసేస్తాం" అన్నాడు, అప్పుడే చూసేసినంత సంబరంగా.

"స్టేషన్లు చూడ్డానికి కొండ దాకా ఎందుకండీ? మన వీధి చివర ఉందిగా ఒకటి."

"డబ్బులు పెట్టాక కూర్చుంటే ఎలా? జీవితమంతా పైకీ కిందికీ తిరిగినవాణ్ణి, ఎక్కడం గురించి నాకు చెప్తావా?"

"అదేగా నా ఏడుపు! కాలికి బలపం కట్టుకుని మీరు తిరగండి. నాకు ఎక్కాక కూర్చోవాలి. వెళ్ళే రోజు, పైకెక్కే రోజు, దిగే రోజు, ఇంటికొచ్చే రోజు. నాలుగంటే నాలుగే. మధ్యలో నా వరండా."

రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి. ముప్పై ఏళ్ళుగా ఏ సబ్బు వాడాలో, ఏ సినిమాకెళ్ళాలో అన్నీ ఆయనే చెప్పాడు, ఆమె తలూపింది. ఈసారి ససేమిరా అంది. మూడో రోజు మధ్యాహ్నం భోజనం మానేసి, తనే వెళ్ళి నాలుగు రోజుల పాసులు రెండు కొనేసింది.

"ఇవే ఆఖరివి మేడమ్. సీజన్ పాసులు అయిపోయాయి" అన్నాడు గుమాస్తా. "ఇదిగో, నాలుగు గడులున్నాయి చూడండి. ప్రయాణం రోజు రైలెక్కే ముందు మీరే పెన్నుతో తేదీ వెయ్యాలి. వేశాక కొట్టివేతలు కుదరవు. దిద్దితే పాసే చెల్లదు."

"మంచి పద్ధతి" అంది తేదీలమ్మ. ఆమెకు ఆ రైల్వే మీద గౌరవం కూడా కలిగింది.

గదికి తిరిగొచ్చాక, గుడ్డలు మడిచే వదినకు చూపించాలని తన పాసు తీసి బల్ల మీద పెట్టింది. వదినంటే చుట్టరికం ఏమీ లేదు, పదిహేనేళ్ళు ఒకే బల్ల దగ్గర నిలబడితే వచ్చిన వరస. అంతలో ఆపరేషన్ గదినుంచి పదకొండు మూటలు కావాలని కబురొచ్చింది. తేదీలమ్మ పెన్ను మూత తీసింది. ఒకటి, రెండు, మూడు... పదకొండో మూట దాటాక కూడా చెయ్యి ఆగలేదు. బల్ల మీద ఖాళీ గడి కనిపించింది. వేసేసింది. పదమూడో తారీఖు, గుండ్రటి అంకెల్లో, ఎక్కడా వంకర లేకుండా.

బయల్దేరాల్సింది పద్దెనిమిదిన.

"అయ్యో వదినా!" అంది గుడ్డలు మడిచే ఆమె. తర్వాత పాసును దగ్గరగా చూసి గొంతు తగ్గించింది. "ఏం కాలేదు. మూడుకి ఎడంపక్క రెండు వంపులు తగిలించు, ఎనిమిదవుతుంది. అదే పెన్ను, అదే ఇంకు. దేవుడు కూడా పట్టుకోలేడు."

తేదీలమ్మ ఆమె వైపు చూసిన చూపుకు ఆవిడ మళ్ళీ గుడ్డల్లో తల దూర్చింది. కానీ నిజం చెప్పాలి, ఆ సాయంత్రం బస్సులో తేదీలమ్మ వేలు ఆ మూడు మీదే ఆడుతూ ఉంది.

ఇంటాయన విన్నాడు. మొదట నవ్వాడు. ఆ నవ్వుకే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాత ఆయన కళ్ళజోడు పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీసి, పాసు దగ్గరికి లాక్కున్నాడు.

"నా చెయ్యి వణకదు. ఇటివ్వు."

"ముట్టుకోకండి!"

"ఏంటే నీ గోల? ఇది నీ కత్తెరల మూట కాదు, రైలు పాసు! ఎవరి ప్రాణం పోతుంది?"

"అది కత్తెరైనా కాగితమైనా, వేసే చెయ్యి ఒక్కటేగా!" ఆమె పాసు వెనక్కి లాక్కుంది. "ఇరవై మూడేళ్ళు ఒక్క అంకె దిద్దలేదు. దిద్దమన్న వాళ్ళందర్నీ చీల్చి చెండాడాను. ఇప్పుడు నా సుఖం కోసం నేనే దిద్దితే, రేపు ఆ గదిలోకి ఏ మొహంతో వెళ్ళను?"

"అయితే ఒకరోజు పోయినట్టే. పైన బండి ఆగే నలభై నిమిషాలుండి అదే బండిలో దిగిపోవడమే!"

"నా వరండా నేను వదలను. మూడు రోజులూ కొండకే వాడతాను. ఇంటికి బస్సులో వస్తాను."

"పద్నాలుగు గంటలు! ఆ మోకాళ్ళతో! విడిగా రైలు టికెట్టు..."

"అడిగాను. ఇంటికొచ్చే బళ్ళలో టికెట్లు అయిపోయాయి, పాసులవాళ్ళకే చోటుందట. మీ పాసు బాగానే ఉందిగా, మీరు రైల్లో రండి."

ఆయన పెన్ను బల్లకేసి కొట్టాడు. మొండిదానివన్నాడు, పిచ్చిదానివన్నాడు. ఆమె కూడా మాట దాచుకోలేదు. పక్కింటివాళ్ళు టీవీ ఆపేసి మరీ విన్నారు.

పద్దెనిమిదిన కారాలు మిరియాలు నూరుకుంటూనే రైలెక్కారు. పైన వరండాలో ఆమె పొద్దున్నే కుర్చీ వేసుకుంది. మధ్యాహ్నం దాకా పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా లేవలేదు. ఆయన స్టేషన్ చుట్టూ ఏడుసార్లు తిరిగాడు. విడిదిలో లిఫ్టు లేదని కాపలావాడితో గొడవపడ్డాడు. ఇక చేసేదేమీ లేక, ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. మంచు విడిపోయి, కొండ మొత్తం ఒక్కసారిగా ఎదురుగా నిలబడింది. ఆమె చెంపలు తడిశాయి. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

కొండ దిగిన మర్నాడు పొద్దున్న బస్టాండులో ఆమె తన సంచీ భుజానికేసుకుని, "స్టేషన్ అటువైపు" అంది.

"నాకు తెలుసు స్టేషన్ ఎటుందో. జరుగు" అని ఆయన బస్సెక్కి, ఆమెకు కాళ్ళు చాపే వీలుండేలా నడవ పక్క సీటు వదిలి, కిటికీ వైపు ఇరుక్కున్నాడు. పద్నాలుగు గంటలూ రోడ్డును తిట్టాడు, డ్రైవర్ను తిట్టాడు, ఆమె మొండితనాన్ని తిట్టాడు. ఆమె నడవలోకి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఇంటికొచ్చిన మరుసటి రోజు సంచీ దులుపుతుంటే ఆయన పాసు బయటపడింది. మూడు గడుల్లో ఆయన వంకర అంకెలున్నాయి. నాలుగోది ఖాళీగా ఉంది. పైసా వదలని మనిషి, ఎనిమిది రోజులూ తిరగాలన్న మనిషి, ఒక రోజును ముట్టుకోకుండా వదిలేశాడు.

అలవాటుగా ఆమె చెయ్యి పెన్ను మూత తీసింది. ఆ గడిని చాలాసేపు చూసింది. తర్వాత మూత పెట్టేసి, పాసును అలాగే తన పెట్టెలో చీర మడతల మధ్య దాచుకుంది. ఇరవై మూడేళ్ళలో ఆమె చేతికొచ్చి తేదీ పడకుండా మిగిలిన గడి అదొక్కటే.