ఆడవాళ్ళకు ఏడు పాయింట్లు

మా బడి కారంపూడి దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. నాలుగున్నరకు పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోతారు. నరసరావుపేట వెళ్ళే బస్సు ఐదున్నర దాటితే గాని రాదు. ఆ గంట గడవడానికే మా టీచర్లు షటిల్ ఆట మొదలుపెట్టారని చెబుతారు. సున్నంతో గీసిన కోర్టు, రెండు ఇనుప పైపులకు కట్టిన నెట్, అంతే. నేను లెక్కల టీచరుగా చేరిన మొదటి వారంలోనే స్కోరు రాసే పని నాకు అప్పగించారు. నోరు తెరవకుండా చేయగలిగిన పని కాబట్టి సంతోషంగా ఒప్పుకున్నాను. మనిషి తక్కువైనప్పుడు ఆడతాను కూడా. బాగా ఆడను.

ఆ కోర్టులో ఒక నియమం ఉండేది. ఆట ఇరవై ఒక్క పాయింట్లకు. ఆడవాళ్ళతో మగవాళ్ళు ఆడితే, ఆడవాళ్ళు సున్నా నుంచి కాకుండా ఏడు నుంచి మొదలుపెట్టాలి. ఏడే ఎందుకని అడిగితే హెడ్మాస్టారు మొదట్నుంచీ అంతేనన్నారు. తెలుగు మాస్టారి దగ్గర మాత్రం కారణం ఉంది.

"మహిళా రిజర్వేషన్ మూడో వంతు గదమ్మా. ఇరవై ఒకటిలో మూడో వంతు ఏడు."

"పంచాయతీల్లో సగం ఇచ్చారు గదయ్యా. ఆ లెక్కన పదిన్నర ఇయ్యి," అన్నారు సోషల్ మేడం.

"పంచాయతీ లెక్కయితే మీరు పేరుకే మేడం. ఆట మీ ఆయనొచ్చి ఆడాల."

మేడం కూడా నవ్వారు. ఆవిడ తోడికోడలు ఒకప్పుడు సర్పంచి. ఎవరు సంతకం పెట్టేవారో, ఎవరు కుర్చీలో కూర్చునేవారో ఆవిడకు బాగా తెలుసు.

సోషల్ మేడానికి నలభై దాటాయి. చీర కొంగు నడుముకు బిగించి కోర్టులోకి దిగితే మా వ్యాయామం మాస్టారు ఒక్కరే ఆవిడ ముందు నిలబడగలరు. ఆయన్ని అందరూ పీఈటీ సార్ అంటారు. పోయినేడాది రిపబ్లిక్ డే నాడు జెండా ఎగరేశాక జరిగిన పోటీలో మేడం ఆయన్ని ఇరవై ఒకటి, పన్నెండుతో ఓడించారు. చప్పట్లు ఆగకముందే తీసివేత మొదలైంది.

"ఏడు తీసేస్తే పద్నాలుగే గదా," అన్నారు ఎవరో.

ఆ పద్నాలుగు ఏడాదిపాటు స్టాఫ్‌రూంలో తిరిగింది. మేడం టీ కప్పు తీసుకున్నా, పరీక్ష పేపర్లు పంచినా, ఎవరో ఒకరు "పద్నాలుగు మేడం" అనేవారు. ఆ పద్నాలుగుకు ఎదురుగా పీఈటీ సార్‌కు వచ్చింది పన్నెండే అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకు గుర్తుంది, నా పుస్తకంలో ఉంది. నేను చెప్పలేదు.

ఈ ఏడాది డిసెంబరులో మేడం నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"ఏమే, నువ్వు లెక్కల దానివి. నాకు ఎన్ని పాయింట్లు రావాలో అన్నే వచ్చేటట్టు చెయ్యి. ఎక్కువొద్దు. ఇంకో ఏడాది ఈళ్ళ తీసివేతలు వినలేను."

ఇలాంటి లెక్క ప్రపంచంలో ఎవరైనా చేశారేమోనని ఫోన్లో వెతికాను. గోల్ఫ్ ఆడేవాళ్ళు చేశారు. ఆ ఆట నేను చూడలేదు, పల్నాడులో ఎవరూ ఆడగా వినలేదు. కానీ వాళ్ళ పద్ధతి చదువుతుంటే బస్సులో నా స్టాపు దాటిపోయింది. అక్కడ ఆడవాళ్ళకింత అని గంపగుత్తగా ఇవ్వరు. ఎవరి పాత ఆటల నుంచి వాళ్ళకు ఒక అంకె వస్తుంది, దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. ఆడా మగా కలిసి ఆడేటప్పుడు, ఇద్దరూ వేరు వేరు చోట్ల నుంచి బంతి కొట్టడం మొదలుపెడతారు కాబట్టి, ఆ రెండు దారుల కష్టంలో ఉన్న తేడాను మాత్రం విడిగా కలుపుతారు.

మా కోర్టులో అందరికీ ఒకటే గీత, ఒకటే నెట్. కాబట్టి ఆడవాళ్ళని చెప్పి విడిగా కలపాల్సింది సున్నా. మిగిలింది ఎవరి అంకె వాళ్ళది.

పీఈటీ సార్ అందరితోనూ ఆడతారు గనుక ఆయన్ని కొలబద్దగా పెట్టుకున్నాను. ఆయనతో ఒక్కొక్కరు ఆడిన చివరి ఇరవై ఆటలు తీసి, అందులో మంచివి ఎనిమిది ఏరి, ఉచితంగా వచ్చిన పాయింట్లు తీసేసి, ఆ దామాషాలో సార్ ఇరవై ఒకటికి చేరేసరికి వాళ్ళకు ఎన్ని వచ్చేవో సగటు కట్టాను. ఇరవై ఒకటికి ఎంత తక్కువైతే అంత వాళ్ళ అంకె. సోషల్ మేడానికి రెండు. తెలుగు మాస్టారికి ఆరు. నాకు ఎనిమిది. హెడ్మాస్టారికి తొమ్మిది.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ తొమ్మిదే వచ్చింది.

హెడ్మాస్టారు కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదివారు.

"నీకెన్నమ్మా?"

"ఎనిమిది సార్."

"నీకంటే నాకు ఒకటెక్కువ."

"అవును సార్."

"కూడికలో ఏమన్నా పొరపాటుందేమో చూడు."

"చూశాను సార్."

ఆయన మంచివారు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు స్టాఫ్ మీటింగు పెట్టారు. లెక్క చానా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. తర్వాత తెలుగు మాస్టారు లేచి, మగవాళ్ళంతా తమకు వచ్చిన పాయింట్లను స్వచ్ఛందంగా త్యాగం చేస్తున్నట్టు ప్రకటించారు. ఆ మాట మినిట్స్ పుస్తకంలో ఎక్కింది. రాసింది నేనే. ఆడవాళ్ళ పాయింట్లు మాత్రం లెక్క ప్రకారం ఉంటాయని కూడా రాశాను. మొత్తం మీద నా లెక్క వల్ల జరిగిందేమిటంటే, మేడానికి ఐదు తగ్గాయి, నాకు ఒకటి పెరిగింది.

రిపబ్లిక్ డే నాడు జెండా వందనం, బిస్కెట్ల పంపకం అయ్యాక పోటీ మొదలైంది. చీట్లలో నాకు హెడ్మాస్టారు తగిలారు. న్యాయంగా నేనే ఆయనకు ఒక పాయింటు ఇవ్వాలి. త్యాగం వల్ల ఆయన సున్నా నుంచి, నేను ఎనిమిది నుంచి మొదలుపెట్టాం. ఆయన పన్నెండు దగ్గర ఉండగా గెలిచాను. తలెత్తి ఆయన ముఖం చూడలేదు. తర్వాతి ఆటలో మేడం నన్ను పది నిమిషాల్లో బయటికి పంపించి, ఫైనల్లో పీఈటీ సార్ ఎదుట నిలబడ్డారు. నేను మళ్ళీ పుస్తకం తీసుకున్నాను.

"మేడానికి రెండు. రాసుకోండి టీచర్," అన్నారు పీఈటీ సార్, చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేలా.

"కొట్టెయ్యవే ఆ రెండూ," అన్నారు మేడం.

"మేడం, అవి మీకు రావాల్సినవే," అన్నాను మెల్లగా.

"నీ లెక్క కరెక్టేలే. ఏడిచ్చినప్పుడు ఏడూ తీసేశారు. రెండిస్తే రెండూ తీసేస్తారు. తియ్యడానికేం లేకుండా ఒక్కసారి ఆడనియ్యి."

కొట్టేశాను.

ఎప్పుడూ అరవని తెలుగు మాస్టారు కూడా ఆ రోజు అరిచారు. మేడం నెట్ దగ్గర షటిల్‌ని తేలిగ్గా జారవిడుస్తారు, పీఈటీ సార్ వెనక్కి కొడితే కొంగు సర్దుకుంటూనే పరిగెత్తి తీస్తారు. పదహారు దగ్గర ఇద్దరూ సమానం. పంతొమ్మిది మొదట మేడానికే వచ్చింది, అప్పటికి సార్ పద్దెనిమిది. తర్వాత ఒకటి నెట్‌కు తగిలింది, ఒకటి గీత దాటింది, ఒకటి ఆవిడ అందుకోలేకపోయారు. ఇరవై ఒకటి, పంతొమ్మిది. సార్ గెలిచారు. బహుమతిగా పెట్టిన హాట్ బాక్సు ఆయనకిచ్చారు.

మేడం కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే టవల్ పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఆ రెండూ ఉంటే పద్దెనిమిది దగ్గరే అయిపోయేది గదా?" అని అడిగారు.

"అవును మేడం."

"మరి నీ లెక్క సరిగ్గానే ఉందన్నమాట," అని ముఖం తుడుచుకున్నారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నీళ్ళ వల్ల కావచ్చు.

మర్నాడు స్టాఫ్‌రూంలో తెలుగు మాస్టారు సుద్దముక్కలు ఏరుకుంటూ మొదలుపెట్టారు.

"పంతొమ్మిదికి రెండు కలిపితే ఇరవై ఒకటి. మేడం గెలిచినట్టే."

"ఏంది మాస్టారూ, గెలిచింది నేను," అన్నారు పీఈటీ సార్.

"గెలవలేదన్నానా? ఆవిడ ఆ రెండూ వదిలేసింది గాబట్టి గెలిచావంటున్నా."

తీసివేతలు నేర్చిన స్టాఫ్‌రూం ఒక్క రాత్రిలో కూడికలకు మారింది. వారం తిరిగేసరికి పీఈటీ సార్ ఎక్కడ కనిపించినా "రెండు సార్" అనడం మొదలైంది. మేడం మాత్రం పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేవారు. టీ రెండుసార్లు అడిగి తాగేవారు.

ఒక మధ్యాహ్నం పీఈటీ సార్ నా దగ్గరికి వచ్చారు.

"టీచర్, వచ్చేసారికి ఒక రూలు రాయండి. లెక్క ప్రకారం వచ్చిన పాయింట్లు తీసుకోవాల్సిందే. వద్దనకూడదు. ఊరికే మనిషి పరువు తీస్తున్నారు."

రాశాను. సంతకానికి తీసుకెళ్తే హెడ్మాస్టారు చదివి, పెన్ను క్యాపు తియ్యబోయి ఆగారు.

"ఇది అందరికీనా అమ్మా?"

"అవును సార్."

"అంటే నా తొమ్మిది కూడా."

"అవును సార్."

ఆయన కాసేపు కిటికీలోంచి కోర్టు వైపు చూశారు. "మగవాళ్ళు త్యాగం చేసింది మినిట్స్‌లో ఉంది గదా, దాన్ని కదపొద్దు. సోషల్ మేడం వరకే రాయి."

అలా నోటీసు బోర్డు మీదికి ఒక కాగితం ఎక్కింది: పీఈటీ సార్‌తో ఆడేటప్పుడు సోషల్ మేడం రెండు పాయింట్లు తప్పనిసరిగా స్వీకరించవలెను. కింద హెడ్మాస్టారి సంతకం, బడి ముద్ర.

మేడం దాని ముందు నిలబడి చాలాసేపు చదివారు. ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నారు. స్టాఫ్‌రూంలో అందరూ ఉన్నారు, పీఈటీ సార్ కూడా.

"నా కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయా," అన్నారు. కళ్ళజోడు ఆవిడ తలమీదే ఉంది. "నువ్వే రాశావు గదే. అందరికీ వినబడేటట్టు ఓసారి చదువు."

నేను లేచి నిలబడ్డాను. మొదటి అక్షరం నుంచి, ముద్ర మీద ఉన్న బడి పేరు వరకు, మొత్తం చదివాను.